ప్లాస్మా తగిలితే ప్లాస్టిక్ తామరాకైపోతుందా?

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం సారాంశం ఇది: ఏ ప్లాస్టిక్‌నైనా కాస్త గరుకు చేసి, ప్లాస్మాలో (విద్యుత్తుతో అయాన్లుగా విడగొట్టిన వాయువులో) ఉంచి తీస్తే తామరాకైపోతుంది. నీరు అంటదు, రసాయనాలు అక్కర్లేదు, జీవితాంతం అలాగే ఉంటుంది.

'ప్లాస్మాలో ఉంచితే చాలు.' ఏ వాయువు ప్లాస్మా? అసలు సంగతంతా అందులోనే ఉంటే, సందేశంలో ఆ ఊసే లేదు. ఆక్సిజన్ ప్లాస్మా తగిలిన పాలిథిన్ మీద ఆక్సిజన్ ఉన్న రసాయన సమూహాలు ఏర్పడతాయి. అప్పుడు నీరు బొట్టు కట్టకుండా పరుచుకుంటుంది. ప్లాస్టిక్ ఫిల్మ్‌ మీద అచ్చు వేసే ముందు దాన్ని కరోనా డిశ్చార్జి (అధిక వోల్టేజితో గాలిలో పుట్టించే విద్యుత్ ఉత్సర్గం) కింద నడిపించేది కూడా సిరా పట్టుకోవాలనే. నీటిని తరమాలంటే కార్బన్ టెట్రాఫ్లోరైడ్ లాంటి ఫ్లోరిన్ ఉన్న వాయువులను గానీ, సిలికాన్ సమ్మేళనాలను గానీ వాడాలి. 'రసాయనాలు అక్కర్లేదు' అన్న ముక్క ఇక్కడే చెల్లకుండా పోయింది. టెఫ్లాన్ ఒక మినహాయింపు. ఆక్సిజన్ ప్లాస్మా దాన్ని తొలిచి గరుకు చేసినా లోపలి ఫ్లోరిన్ పోదు కాబట్టి, అది నీటిని మరింత తిప్పికొట్టగలదు. ఆ గుణాన్ని 'ఏ ప్లాస్టిక్‌కైనా' అంటగట్టకూడదు.

'గరుకు చేస్తే చాలు.' ఇందులో సగమే నిజం. నునుపైన ఉపరితలానికి ఎంత మంచి ఫ్లోరిన్ పూత వేసినా నీటిబొట్టు స్పర్శకోణం (బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం; అది పెరిగేకొద్దీ బొట్టు గుండ్రంగా ఉంటుంది) సుమారు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. తామరాకు మీదలా 150 దాటాలంటే గరుకుతనం తప్పదు. కానీ 1936లో శాస్త్రవేత్త వెంజెల్ చూపినట్టు, గరుకుతనం ఉన్న గుణాన్నే పెంచుతుంది: నీటిని ఇష్టపడేది ఇంకా తడుస్తుంది. తామరాకు మీద సూక్ష్మమైన బొడిపెలు, వాటిపై మైనం ఉంటాయి. బొట్టు వాటి మధ్య చిక్కిన గాలి మీద నిలుస్తుంది. ఈ గాలి లెక్కను 1944లో శాస్త్రవేత్తలు క్యాసీ, బాక్స్‌టర్ సూత్రీకరించారు.

కోణం 150 దాటగానే బొట్టు జారిపోతుందనీ కాదు. గులాబీ రేకు మీద గుండ్రంగా నిలిచిన బొట్టు, రేకును తలకిందులు చేసినా రాలదు.

ఇక 'జీవితాంతం' సంగతి. సూక్ష్మ బొడిపెలు రుద్దుడుకు అరిగిపోతాయి. నూనె పట్టినా, ఒత్తిడికి నీరు సందుల్లోకి చొరబడినా గాలి పొర పోతుంది. తామరాకుకైతే మైనం మళ్లీ పుడుతుంది, ప్లాస్టిక్‌కు ఆ సౌకర్యం లేదు. అమ్మేవారు కొత్త ముక్క మీద బొట్టు దొర్లించి చూపిస్తే సరిపోదు; బాగా రుద్దిన తర్వాత అదే ముక్కను ఎంత వంచితే బొట్టు జారుతుందో కొలిచి చూపమనండి.