ఇంకో పెద్ద స్క్రీన్ ఎవరికి కావాలి?

అమ్మకాలు తక్కువున్న కార్ల కంపెనీలు నిలదొక్కుకోవాలంటే ఫీచర్లు పెంచి, ధర తగ్గించాలని వ్యాసకర్త గారు రాశారు. ధర దగ్గర మారుతితో పోటీపడి నెగ్గేదెవరండీ? ఫీచర్లంటారా, పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్ ఇప్పుడు అందరూ ఇస్తున్నవే.

జపాన్ కార్ల కంపెనీ సుబారునే చూడండి. అమెరికాలో టయోటా, హోండాలతో తలపడి చతికిలపడ్డాక, 1990ల మధ్యలో అక్కడ అమ్మే కార్లన్నిటికీ ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ అందే ఏర్పాటు) ఇచ్చేసింది. అందరికీ నచ్చాలనే తాపత్రయం మానేసి, మంచు పడే ఊళ్లవాళ్లని, కొండదారుల్లో తిరిగేవాళ్లని పట్టుకుంది.

మా వైజాగ్‌లో అలాంటి అవసరం ఏముందంటారా? తుప్పు! లాసన్స్ బే వైపు ఆరుబయట ఉండే ఏ పాత కారుకైనా డోరు కింది అంచు ఓసారి వంగి చూడండి. నీళ్లు పోవడానికి అక్కడ చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితో పూడితే తడి లోపలే నిలిచిపోతుంది, దానికి ఉప్పుగాలి తోడవుతుంది. రంగు పొంగి పెచ్చులూడేదాకా మనకి తెలీదు. అప్పటికే రేకు తినేసి ఉంటుంది. సైలెన్సర్ సంగతి సరేసరి. షోరూంలో మాత్రం కారు అడుగున తుప్పు పట్టకుండా వేసే అండర్‌బాడీ కోటింగ్‌కి వేరే బిల్లు! జింకు పూత రేకుతో బాడీ చేసి, తుప్పుకి పదేళ్ల వారంటీ కాగితం మీద రాసిస్తే, ఇక్కణ్ణించి కాకినాడ దాకా అడిగి మరీ కొంటారు.

ఇంకోటి, విడిభాగాలు. 2017లో షెవర్లె, 2021లో ఫోర్డ్ ఇక్కడ అమ్మకాలు ఆపేశాక జనానికి కొత్త కంపెనీ అంటేనే టెన్షన్. గాజువాకలో ఒకటి, మధురవాడలో ఒకటి సర్వీస్ సెంటర్ పెట్టి, బంపర్ కోసం నెలల తరబడి తిప్పకపోతే చాలు, మా అల్లుడికి కూడా ఆ కారే కొనమని చెప్తాను.