సవరణ: టిక్కు పెట్టాల్సింది పిల్లాడే

నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల స్వీయ పరిశీలన గురించి మొన్న రాసిన పోస్టులో "బీప్ మోగినప్పుడల్లా శ్రద్ధగా ఉన్నాడో లేదో టిక్కు పెట్టాలి" అని ఉంది కదా, దాన్ని చాలామంది టీచర్ పెట్టాలని అర్థం చేసుకున్నారు. కాదండీ. పని మధ్యలో అప్పుడప్పుడు మోగేలా రికార్డు చేసి పెట్టిన బీప్ వినగానే పిల్లాడే "ఇప్పుడు నేను పని చేస్తున్నానా?" అని తనను తాను ప్రశ్నించుకుని, అవునో కాదో కాగితం మీద టిక్కు పెట్టుకుని మళ్లీ పనిలో పడాలి, 1970ల చివర్లో అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీలో పరిశోధకుడు డేనియల్ హాలహన్ బృందం పరీక్షించిన పద్ధతి ఇదే. టిక్కులన్నీ కరెక్టుగా లేకపోయినా ఫరవాలేదు, ఆగి చూసుకోవడమే అసలు పని. బీప్‌లు మాత్రం సమాన వ్యవధిలో రాకూడదు, వస్తే కుక్కర్ విజిల్ కోసం చూసినట్టు దానికోసమే కూర్చుంటారు.

ఇంకోటి, ఈ స్వీయ పరిశీలన పిల్లాడికి ఇప్పటికే చేయడం వచ్చిన పనికే. గుణింతమే రాని పిల్లాడి చేతికి చెక్‌లిస్టు ఇస్తే ఏం చూసుకుంటాడు? ముందు నేర్పాలి. రాయడం వచ్చి తప్పులు దొర్లేవాళ్లకైతే, డిక్టేషన్ అయ్యాక ఒకసారి ఒత్తులు మాత్రమే, ఇంకోసారి దీర్ఘాలు మాత్రమే చూసుకోమనండి. అన్నీ ఒకేసారి వెతకమంటే పేజీ తిప్పేసి "అయిపోయింది టీచర్" అంటారు.

ఈ టిక్కులను మార్కులతో ముడిపెట్టకండి, పెడితే అన్నీ "అవును" అనే వస్తాయి.