దయ్యానికి రిజర్వేషన్, మనకి వెయిటింగ్

మా ఊళ్లో మధ్యాహ్నం భోజనం హోటల్లో కుర్చీ దొరకాలంటే, తినేవాడి వెనకాల నిలబడి, ఇతనెప్పుడు పెరుగన్నంలోకి వస్తాడా అని ఆకు వంక చూస్తూ ఉండాలి. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ పాతబస్తీలో, అంటే ఫ్రెంచ్ క్వార్టర్‌లో, జాక్సన్ స్క్వేర్ పక్కనున్న మ్యూరియల్స్ అనే రెస్టారెంట్‌లో మాత్రం ఒకాయన కోసం రోజూ రాత్రి టేబుల్ వేసి, రొట్టె, వైన్ పెట్టి ఉంచుతారు. ఆయన పోయి రెండొందల ఏళ్లు దాటింది.

పేరు పియేర్ ఆంట్వాన్ లెపార్డి జోర్డన్. 1788 గుడ్ ఫ్రైడే నాడు రేగిన మంటల్లో ఊళ్లో 850కి పైగా ఇళ్లు తగలబడ్డాయి. ఇప్పుడు రెస్టారెంట్ ఉన్న చోటూ అందులో కాలిపోతే, దాన్ని ఈయన కొని, ముచ్చటపడి ఇల్లు కట్టుకున్నాడట. 1814లో ఆ ఇంటినే పేకాటలో ఒడ్డి ఓడిపోయి, ఖాళీ చేసేలోపే మేడ మీద ప్రాణం తీసుకున్నాడని రెస్టారెంట్ వాళ్లే చెప్తారు. మన ధర్మరాజూ జూదంలో అన్నీ పోగొట్టుకున్నాడు పాపం, ఆయనకి అడవే గతి అయింది గానీ ఎవరూ టేబుల్ వెయ్యలేదు.

మన పెద్దల సంగతి మరీ అన్యాయం. ఏడాదికోసారి తద్దినం, అంతే. పదో రోజున పిండం దగ్గరికి కాకి రాకపోతే, ఏదో కోరిక మిగిలిపోయిందని చుట్టాలంతా ఎండలో నిలబడి తలా ఒక మాట ఇవ్వాలి, కారు కొంటామని కూడా! అక్కడ మాత్రం బార్‌లో గ్లాసులు వాటంతటవే ఎగిరి గోడకి కొట్టుకుని పగిలాయంటే, ఆయన పనే అని మురిసిపోతారు. ఇక్కడ క్లీనర్ కుర్రాడి చేతిలో ఒక్క గ్లాసు పగలనివ్వండి, జీతంలో కోత.

నాదొక చిన్న సందేహం. ఆయన పోయిన ఆ మేడ గదులు అప్పట్లో బానిసల్ని ఉంచిన చోటని కూడా వాళ్లే చెప్తారు. ఇప్పుడది మసక వెలుతురు లాంజ్. ఇల్లు పోయిందని దిగులుపడ్డవాడు దయ్యమయ్యాడు, సరే, తమ ఒళ్లే తమది కాకుండా బతికినవాళ్లలో ఒక్కరూ కాలేదా? దయ్యం అవ్వాలన్నా ఇంటి దస్తావేజు ఉండాలేమో.

కాబట్టి యాజమాన్యానికి నా విన్నపం. మేడ మీద వాళ్లకీ ఇంకో టేబుల్ వెయ్యండి, కాస్త పెద్దదే వెయ్యండి. వైన్ అక్కర్లేదు, ఆ ఊరి పులుసు లాంటి వంటకం గంబో ఒక గిన్నెడు పెట్టండి. ఆ పేరు ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చిందంటారు. వంట ఎలాగూ వాళ్లదే.