ఎర్త్ వైరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎర్త్ వైరు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మా బైకులో బ్యాటరీ కొత్తది, ఆర్‌ఆర్ యూనిట్ (బ్యాటరీకి వెళ్లే కరెంటును సరిచేసే రెగ్యులేటర్-రెక్టిఫైయర్) కొత్తది, హారన్ కూడా కొత్తదే. కరెంటును తిరిగి బ్యాటరీకి చేర్చే తమరొక్కరే బండి షోరూం నుంచి వచ్చిన నాటివారు. సీటు కింద చాసిస్‌కు ఒక్క బోల్టుతో అతుక్కుని, లగ్ (వైరు చివర బోల్టుకు తగిలించే లోహపు రింగు) కింద తుప్పు, తొడుగు లోపల పచ్చటి చిలుము పెంచుకుంటూ హాయిగా ఉన్నారు. తమ మీద ఎవరికీ అనుమానం రాదు.

బ్రేకు తొక్కితే వెనక ఎర్రగా వెలగాల్సిందిపోయి ముందు స్పీడోమీటరు బల్బు మినుకుమంటుంది. అది తమ లీలే. 21/5 వాట్ల వెనక బల్బులో రెండు ఫిలమెంట్లకూ (బ్రేకుకు పెద్దది, టెయిల్ లైటుకు చిన్నది) తిరుగుదారి తమరే కదా! తమరు తలుపేసుకుంటే కరెంటు పెద్ద ఫిలమెంటులోంచి చిన్నదాంట్లోకి దూరి, టెయిల్ లైటు వైరు పట్టుకుని మీటరు బల్బు గుండా ఇల్లు చేరుతుంది. మారేది మాత్రం పాపం బ్రేకు స్విచ్చి. సెల్ఫ్ బళ్లలోనైతే తమరి ఘనత ఇంకా ఎక్కువ: ఇంజన్ ఎర్త్ ఊడితే స్టార్టరు కరెంటు క్లచ్ కేబుల్లో పడి దాన్ని కాల్చేస్తుంది.

పైగా తమరు పరీక్షలో పాసవుతారు! మల్టీమీటరును బీప్‌లో (వైరు తెగిందో లేదో చూసే చోట) పెడితే కుయ్యిమంటుంది. మీటరు పంపే పిసరంత కరెంటుకు తెగకుండా మిగిలిన ఒక్క పోగు చాలు మరి. అందుకే తమరిని బరువు మోయించి చూడాలి. మీటరు డీసీ 20 వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండోది ఇంజన్ మీద గీకిన చోట ఆనించి, బ్రేకు తొక్కి హారన్ నొక్కాలి. 0.2 వోల్టు దాటిందంటే తమరు దొరికినట్టే. హెడ్‌లైటుతో చూద్దామంటే కుదరదు. పాత 100 సీసీ బళ్లలో చాలావాటికి అది బ్యాటరీతో పనిలేకుండా మాగ్నెట్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా వెలుగుతుంది, ఇంజన్ ఆగితే ఆరిపోతుంది. మీటరే లేకపోతే బ్యాటరీ నెగటివ్ నుంచి విడి వైరొకటి లాగి టెయిల్ బల్బు హోల్డరుకు ఆనిస్తే చాలు. లైటు భగ్గుమంటే తమ గుట్టు రట్టయినట్టే.

ఇక తమకు చేయదగ్గ సన్మానం: ముందు బ్యాటరీ నెగటివ్ విప్పడం, తర్వాత 10 నంబరు స్పానరుతో తమ బోల్టు. చాసిస్‌నూ లగ్‌నూ ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన వాజలీను. రాగి లోపల నల్లబడి ఉంటే మాత్రం రుద్దుడుతో పని కాదు, కోసి కొత్త వైరు వేయాల్సిందే. కిక్ బండికి 2.5 చదరపు మిల్లీమీటర్లది సరిపోతుంది. సెల్ఫ్ బండికి మునుపటి కేబులంత లావు ఉండాలి.

ఇట్లు,
తమరి బదులు బ్యాటరీలు కొంటున్నవాళ్లు

తా.క.: చాసిస్‌ను పౌడర్ కోటింగుకు పంపేవాళ్లు తమ బోల్టు చోట మాస్కింగ్ టేపు వేయమని చెప్పడం లేదు. ఆ రంగు పొర కరెంటును ఆపేస్తుంది, అందుకే కొత్తపెళ్లికొడుకులా తిరిగొచ్చిన బండికి హారన్ కూడా మోగడం లేదు.