మాత్రకో గడియారం, వేదికకో గడియారం
2006లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర సెనేట్ ఎన్నికల ప్రచార ప్రకటనలో, పార్కిన్సన్స్ అనే నరాల జబ్బున్న నటుడు మైకేల్ జె. ఫాక్స్ ఒళ్లంతా ఊగుతూ కనిపించారు. జబ్బుకు వేసుకునే మాత్ర మానేసైనా ఉండాలి, నటిస్తూనైనా ఉండాలి అంటూ రేడియో వ్యాఖ్యాత రష్ లింబా నోరు పారేసుకున్నాడు. అలాంటి ఊగడం మాత్ర మానేస్తే రాదు, ఏళ్ల తరబడి వేసుకుంటే వస్తుంది. 1999లో సెనేట్ కమిటీ ముందుకు మాత్ర వేసుకోకుండానే వెళ్లానని ఫాక్స్ స్వయంగా చెప్పారనుకోండి, అది వేరే సంగతి.

పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా ఊరికే ఉన్న చేతిలో కనిపిస్తుంది. పని చెబితే తగ్గుతుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మహమ్మద్ అలీ కుడిచేత్తో కాగడా ఎత్తినప్పుడు గడగడలాడింది ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి. 29 ఏళ్లకే, 1991లో జబ్బు బయటపడిన ఫాక్స్ 1998 దాకా ఎడమ చేతికి ఏదో ఒక వస్తువు తగిలించి కెమెరా ముందు నెట్టుకొచ్చిందీ ఈ కిటుకుతోనే.

ఈ జబ్బుకు వాడే మాత్రలోని మందు లెవోడోపా తొలి ఏళ్లలో రోజంతా సాఫీగా పనిచేస్తుంది. కదలికలను నడిపే మెదడు రసాయనం డోపమైన్‌ను దాచుకుని కొద్దికొద్దిగా వదిలే కణాలు చచ్చిపోయేకొద్దీ ఒక్కో మాత్ర మూడు నాలుగు గంటలకు మించి ఆగదు. రక్తంలో మందు బాగా ఎక్కినప్పుడు ఒళ్లు మెలికలు తిరుగుతుంది, దిగిపోతే బిగుసుకుపోతుంది. వక్తగా పిలిచిన పార్కిన్సన్స్ మనిషి మాట్లాడాల్సింది ఈ రెంటి మధ్య సందులో.

సభ నిర్వాహకులు పాడుచేసేది సరిగ్గా ఆ సందునే. విందు పెట్టి ఆ వెంటనే ప్రసంగించమంటారు. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు పేగు దగ్గరా, మెదడు గుమ్మం దగ్గరా మందుతో పోటీపడతాయి. అందుకే మాత్ర తిండికి అరగంట ముందు పడాలి. అది ఒంటికి పట్టాకే వేదిక ఎక్కాలి. ముందు మాట్లాడేవాళ్లు ముప్పావుగంట సాగదీస్తే ఆ లెక్కంతా గంగలో కలిసినట్టే.

ముఖ కండరాలు కదలక అతిథి చిరాగ్గా ఉన్నట్టు కనిపిస్తారు. గొంతు సన్నబడినా తనకు మామూలుగానే మాట్లాడుతున్నట్టుంటుంది కాబట్టి గట్టిగా మాట్లాడమని పదేపదే అడగడం దండగ, కాలర్ మైకు పెట్టండి. చేతులున్న కుర్చీ వేయండి. నడుస్తుండగా ప్రశ్నలు వేయకండి, గుమ్మం దగ్గర అసలే వద్దు, కాళ్లు నేలకు అతుక్కుపోయేది అక్కడే. తేదీ ఖరారు చేసే ముందు మాత్రల వేళలు అడిగి రాసుకోండి.