తెల్ల కండువా గారికి ఒక స్కౌటు తండ్రి లేఖ

గౌరవనీయులైన కండువా గారికి,

నమస్కారం. అమెరికా స్కౌట్ల గౌరవ సంఘం ఆర్డర్ ఆఫ్ ది యారోలోకి మావాడు ఎన్నికైతే వచ్చిన కండువా మీరు. మీరు మా ఇంటికొచ్చి రెండేళ్లు దాటింది. వచ్చిన రోజు నుంచీ మావాడి అల్మారాలో, పాత కరాటే బెల్టుకీ కొత్త సూటుకీ మధ్య, హ్యాంగర్‌కి వేలాడుతున్నారు. ఏనాడూ నోరు తెరిచి ఒక మాట అనలేదు. మౌనం మీ సంఘంలో మొదటి పాఠమని తెలుసు కాబట్టి తప్పు పట్టను. అడగాల్సినవి నేనే అడుగుతాను.

మాది తెనాలి. ఇప్పుడుండేది న్యూజెర్సీ. మా వైపు కండువాకి చాలా విలువ. టికెట్ రాకపోతే పొద్దున ఒక రంగు తీసేసి, సాయంత్రానికి ఇంకో రంగు కప్పించుకుంటారు. మీకు ఆ గొడవ లేదు. తెల్లటి గుడ్డ, దాని మీద ఒక ఎర్ర బాణం, కుడి భుజం మీంచి ఏటవాలుగా. ఒకసారి ఎన్నికైతే మళ్లీ ఎన్నిక అక్కర్లేదు. ఏటా చందా కట్టాలి, అంతే. మా నాయకులకు తెలిస్తే ఎగబడతారు.

మీ జాతకం కూడా చదివాను. 1915 జులై 16. డెలావేర్ నదిలోని ట్రెజర్ ఐలాండ్ అనే లంకలో ఫిలడెల్ఫియా స్కౌట్ల వేసవి క్యాంపు. క్యాంపు డైరెక్టర్ ఉర్నర్ గుడ్‌మన్‌కి అప్పటికి 24 ఏళ్లు. తోడుగా క్యారల్ ఎడ్సన్. (మేముండే ఎడిసన్ ఊరికీ ఈయనకీ చుట్టరికం ఉందని చాలాకాలం నమ్మాను. లేదట.) తోటివాళ్లకి నవ్వుతూ సేవ చేసే పిల్లల్ని పిల్లలే గుర్తించాలని వాళ్ల ఆలోచన. అదే ఆర్డర్ ఆఫ్ ది యారో. పేర్లూ మంత్రాలూ అక్కడి ఆదివాసులైన లెనాపేల భాష నుంచి తెచ్చుకున్నారు. నది లెనాపేలది, మాటలు లెనాపేలవి. వాళ్లలో ఎక్కువమందిని మాత్రం అప్పటికే తరిమి తరిమి ఓక్లహోమా దాకా చేర్చారు. తర్వాత దశాబ్దాల పాటు వేరే పిల్లలు ఈకల కిరీటాలు పెట్టుకుని వాళ్ల వేషం కట్టారు. మా ఊళ్లో దసరా వేషాలు వేసేవాళ్లు కనీసం మర్నాడు ఇంటింటికీ వచ్చి దండం పెట్టేవాళ్లు.

సరే, మా సంగతికొస్తాను. మావాడు ఎన్నికైన ఏడాది లెక్క ఇదీ: స్కౌటుగా ఫస్ట్ క్లాస్ అనే ర్యాంకు ఉండాలి, రెండేళ్లలో 15 రాత్రులు క్యాంపులో పడుకుని ఉండాలి, అందులో ఒకటి వరసగా ఐదు రాత్రుల పెద్ద క్యాంపు అయి ఉండాలి. ఆ 15 రాత్రులకి నేను ఎక్సెల్ షీటు తయారుచేశాను. మా ఇంటి అప్పుకి కూడా అంత చక్కటి షీటు లేదు. ఒక రాత్రి వాన పడి టెంటు కూలితే వాడు మా కారులో పడుకున్నాడు. ఆ రాత్రి రాత్రేనా కాదా అని స్కౌట్‌మాస్టర్‌తో మూడు మెయిళ్లు నడిచాయి.

మీ ఎన్నిక పద్ధతి నాకు నచ్చింది. మీరు భుజాన ఉన్నవాళ్లే కాదు, లేనివాళ్లు కూడా కలిసి ఓటేస్తారు. ట్రూప్‌లో, అంటే ఆ స్కౌటు దళంలో, పిల్లలంతా ఓటర్లే. ఒకరికే వేయాలని లేదు, అర్హులనుకున్న అందరికీ వేయొచ్చు, సగం ఓట్లు వస్తే చాలు. కాగితం మీద ఇంతకంటే మంచి ప్రజాస్వామ్యం ఉండదు. మా ట్రూప్‌లో ఏమైందంటే, ప్రతి క్యాంపులోనూ అందరి గిన్నెలూ తోమే పిల్లవాడు ఒకడున్నాడు. అందరూ మంట చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునే వేళకి వాడు పంపు దగ్గర ఉంటాడు. వాడికి ఓట్లు చాలలేదు. మా వాడికి వచ్చాయి. కారణం వాళ్లమ్మ డబ్బాలో పెట్టి పంపిన సున్నుండలని నా అనుమానం. ఆ డబ్బా తోమింది ఎవరో మీరు ఊహించుకోండి.

ఆ తర్వాత సంఘంలో చేర్చుకునే పరీక్ష, ఆర్డీల్. ఒక రోజంతా మౌనం, కొంచెం తిండి, ఒళ్లు హూనమయ్యే చాకిరీ, రాత్రి ఆకాశం కింద ఒంటరి పడక. మా నాన్న 41 రోజులు అయ్యప్ప దీక్షలో చేసింది మీరు శని, ఆదివారాల్లో సర్దేశారు. అన్నం తిన్న కంచం ఎత్తనివాడు ఆ రోజు దుంగలు మోశాడు, కాలిబాట బాగుచేశాడు. ఇంటికొచ్చి పద్నాలుగు గంటలు పడుకున్నాడు. లేచాక "ఏం చేశార్రా అక్కడ?" అంటే "చెప్పకూడదు నాన్నా" అన్నాడు. స్కౌటింగులో తల్లిదండ్రుల దగ్గర రహస్యాలు ఉండకూడదన్నది నియమం, గట్టిగా అడిగితే చెప్పాల్సిందే. నేను అడగలేదు. నోరు మూసుకోవడం వాడికి మొదటిసారి వచ్చింది, దాన్నెందుకు చెడగొట్టాలి.

అమ్మకి మాత్రం ఫోన్లో చెప్పాను, "వాడు లాడ్జిలో మెంబర్ అయ్యాడమ్మా" అని. రెండు నిమిషాలు ఏమీ వినపడలేదు. తర్వాత "ఒరేయ్, పదిహేనేళ్ల పిల్లాడికి లాడ్జిలో ఏం పనిరా? కోడలికి తెలుసా?" అంది. మీ శాఖలకి ఆ పేరు పెట్టేముందు తెనాలి బస్టాండు పక్క సందులు ఒకసారి చూసి ఉండాల్సింది.

ఇక అసలు విషయం. ఆర్డీల్ అయిన ఆర్నెల్లకి మావాడు బ్రదర్‌హుడ్ అనే పై మెట్టుకి వెళ్లి ఉండొచ్చు, మీ బాణానికి రెండు చివర్లా ఎర్ర పట్టీలు పడేవి. వెళ్లలేదు. మీవాళ్లు దీనికి "సాష్ అండ్ డాష్" అని పేరు కూడా పెట్టుకున్నారు: కండువా కప్పుకో, కనపడకుండా పో. వాడు ఒక్కడే కాదు, మా ట్రూప్‌లో మీలాంటి కండువాలు చాలా ఇళ్లలో ఇలాగే వేలాడుతున్నాయి. ఆ మాటకొస్తే మావాడు పూర్తిగా పారిపోలేదు. స్కౌట్లలో అన్నిటికంటే పై ర్యాంకు ఈగిల్‌కి ఆర్నెల్ల పదవి ఒకటి కావాలి కదా, ట్రూప్‌లో మీ సంఘం ప్రతినిధి పదవి తీసుకున్నాడు. ఆర్నెల్లలో ఒకసారి లేచి నిలబడి "లాడ్జి ఈవెంట్ ఉంది, డీటెయిల్స్ తర్వాత చెప్తా" అన్నాడు. ఆ "తర్వాత" ఇంకా రాలేదు.

కాలేజీ అప్లికేషన్‌లో మాత్రం మీరు మూడో వరుసలో మెరిసిపోతున్నారు. "స్కౌటింగ్ జాతీయ గౌరవ సంఘ సభ్యుడు, నవ్వుతూ చేసే సేవ" అని రాయించింది నేనే. మా గృహప్రవేశం ఫొటోలకి మిమ్మల్ని వేయించిందీ నేనే. "నాన్నా, ఇది ఇలాంటి వాటికి వేసుకోకూడదు" అని వాడు చెవిలో గొణిగాడు. ఆ ఒక్క నియమం బాగా గుర్తుపెట్టుకున్నాడు.

పోయిన దసరాకి మా ఆవిడ బొమ్మల కొలువు మెట్లకి తెల్లటి గుడ్డ చాలక మిమ్మల్ని పరిచింది. పేరంటానికొచ్చిన ఒకావిడ రాముడి బొమ్మ కింద మిమ్మల్ని చూసి "రామబాణం భలే కుట్టించారండీ" అంది. మావాడు సోఫాలో ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు.

నిన్న మీ లాడ్జి నుంచి మెయిల్ వచ్చింది. వేసవి క్యాంపు తెరిచేలోపు టెంట్ల కింద వేసే చెక్క పలకలు మోయాలట, వచ్చే శనివారం మనుషులు కావాలట. మావాడికి ఆ రోజే కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీకి క్లాసు. నాకు నడుం నొప్పి. కాబట్టి చిన్న మనవి: ఈసారికి మీరొక్కరే వెళ్లిరాగలరా? పొద్దున ఆరింటికి కారులో నేనే దింపుతాను. దారిలో ఆ గిన్నెలు తోమే పిల్లవాడి ఇల్లు ఉంది, అక్కడ ఒక నిమిషం ఆపమన్నా ఆపుతాను.

ఇట్లు,
మీ హ్యాంగర్ యజమాని