బంధుమితుల అభినందనలతో

మా మావయ్య బీరువా పైఅరలో, పట్టుచీరల మడతల్లో ఒక సీడీ ఉండేది. ప్లాస్టిక్ కవరుకి నాలుగు మూలలా పసుపు రాసి, నాఫ్తలిన్ ఉండల పక్కన 2009 నుంచీ దాచాడు. అందులో వాళ్ళ పెద్దమ్మాయి శుభలేఖ ఉంది. దాన్ని కంప్యూటర్లో కూర్చింది నేనే. కొత్తగా నేర్చుకున్న ఊపులో సీడీ చేతికిస్తూ ఓ మాట కూడా అన్నాను: "చిన్నదాని పెళ్ళికి పేర్లు మారిస్తే చాలు మావయ్యా, పది నిమిషాల పని."

ఆ పది నిమిషాలు మొన్న మొదలయ్యాయి.

చిన్నదానికి మాఘంలో ముహూర్తం కుదిరింది. "పెద్దదానికి ఆ కార్డు కలిసొచ్చిందిరా అల్లుడూ. అదే కార్డు, అదే అక్షరం. పేర్లు మార్చుకురా" అని మావయ్య గుంటూరు బ్రాడీపేటలో వాళ్ళింటి మెట్ల మీదే సీడీ అందించాడు. లోపలికొచ్చి కాఫీ తాగమని కూడా అనలేదు. పది నిమిషాల పనేగా!

సీడీ పెట్టడానికి ముందు దానికో నోరు కావాలి. నా లాప్‌టాప్‌కి లేదు, ఆఫీసులో ఏ మిషన్‌కీ లేదు. అరండల్‌పేటలో లైను తర్వాత లైను తిరిగితే ఒక జిరాక్స్ షాపులో దొరికింది. అది తెరుచుకోనని మొరాయిస్తే కొట్టు కుర్రాడు గుండుసూదితో పొడిచి బయటికి లాగాడు. సీడీ లోపలికెళ్ళి, గ్రైండర్లో నానని మినప్పప్పు పోసినట్టు కాసేపు గోల చేసి, చివరికి ఫైలు చూపించింది. నొక్కితే, దీన్ని దేనితో తెరవాలో నువ్వే చెప్పమంది కంప్యూటర్.

అది పేజ్‌మేకర్ ఫైలు. 1985లో పుట్టి, 2001లో ఆఖరి కూర్పు విడుదలైన, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్. మన వైపు కొన్ని డీటీపీ కొట్లలో మాత్రం దానికింకా రిటైర్మెంట్ ఇవ్వలేదు. అలాంటి కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. మూల నున్న పాత విండోస్ ఎక్స్‌పీ మిషన్ మీద గుడ్డ తీసి, దణ్ణం పెట్టినంత పని చేసి ఆన్ చేశాడు ఆపరేటర్. ఫైలు తెరుచుకుంది. అప్పటి ఫాంటు మాత్రం లేదు. "దాని తర్వాతి వెర్షన్ ఉంది సార్. ఇదీ తెలుగేగా" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ప్రూఫు చూడకుండా మడిచి జేబులో పెట్టుకోవడం నా తప్పే.

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, అత్తయ్యనీ పిల్లనీ పిలిచి కూర్చోబెట్టి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"శీరసు. శుభమసు. అవిఘమసు." ఆగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఏరా, మంత్రమా ఇది?"

నేను తొంగి చూశాను. కార్డులో ఒక్క ఒత్తు లేదు. శుభాహ్వానం కాస్తా శుభాహానం అయింది. కల్యాణం కలాణమైంది. పుత్రిక పుతికైంది. మావయ్య చివరిదాకా ఓపిగ్గా చదివి, "బంధుమితుల అభినందనలతో" దగ్గర మళ్ళీ ఆగాడు. "మితులంటే ఏంట్రా? లెక్కపెట్టి పిలుస్తున్నామని కార్డు మీదే వేస్తామా?"

కార్డంతటిలో "సకుటుంబ సపరివార సమేతంగా విందు" అన్న ముక్క ఒక్కటే చెక్కుచెదరలేదు. అందులో ఒత్తులు లేవు మరి. "పోన్లెండి, వచ్చేవాళ్ళకి కావలసింది అదేగా" అంది అత్తయ్య.

ఇలాంటప్పుడు నోరు మూసుకుంటే సరిపోయేది. నాకేమో ఓపెన్ స్టాండర్డ్స్ గురించి, అంటే అందరికీ తెరిచి ఉంచిన ప్రమాణాల గురించి చెప్పే జబ్బు ఒకటుంది. కాగితం తీసుకుని మొదలెట్టాను. "మావయ్యా, ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలుండవు. ఇంగ్లీషు అక్షరాల సీట్లలో తెలుగు బొమ్మలు కూర్చుంటాయి. ఏ బొమ్మ ఏ సీట్లో అనేది ఫాంటు చేసినవాడి ఇష్టం. మన ఒత్తులు కూర్చున్న సీట్లు ఈ ఫాంటులో ఖాళీ. యూనికోడ్‌లో అలా కాదు, ఒక్కో అక్షరానికీ ప్రపంచమంతటికీ ఒకటే నంబరు. త అంటే 3108, పొల్లు 3149, ర 3120. ఆ మూడూ వరుసగా ఉంటే ఎక్కడ తెరిచినా త్ర వచ్చి తీరుతుంది."

"మరి 2009లో అది లేదా?"

ఉంది. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. ఆ మాట చెప్పకుండా ఫైళ్ళ మీదికి దూకాను. డాక్యుమెంట్లు దాచుకునే ఓడీఎఫ్ అనే పద్ధతి 2006లోనే ఐఎస్ఓ వాళ్ళ అంతర్జాతీయ ప్రమాణం అయిందనీ, దాని రూల్సన్నీ బయటే ఉంటాయి కాబట్టి ఎవరైనా దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చనీ, 2010లో మన కేంద్ర ప్రభుత్వం కూడా ఈ-గవర్నెన్స్‌కి ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించిందనీ చెప్పాను.

"ప్రభుత్వానికి టైముంటుంది. మనకి మాఘంలో పెళ్ళి" అన్నాడు మావయ్య.

అత్తయ్య లేచి వెళ్ళి దేవుడి గూట్లోంచి పెద్దమ్మాయి కార్డు తెచ్చింది. కాగితం కార్డు. పసుపు మరకలున్నాయి, ఓ మూల నూనె పడింది. ఒక్క ఒత్తు పోలేదు. నేను సీడీ వైపు చూడలేదు.

ఆ కార్డు ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని యూనికోడ్‌లో కొట్టాను. ఆ ఓడీఎఫ్ పద్ధతిలోనే ఓడీటీ ఫైలుగా దాచి, మావయ్యకి ఓ తమాషా చూపించాను. ఫైలు పేరు చివర ఓడీటీ తీసి జిప్ అని పెడితే మామూలు సంచీలా విప్పుకుంటుంది. లోపల కంటెంట్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, బ్రాకెట్ల ముళ్ళపొదల మధ్య చిన్నదాని పేరు చక్కగా తెలుగులో కనబడింది. "చూశారా, రేపు ఏ సాఫ్ట్‌వేర్ మూతబడినా పిల్ల పేరు పోదు." మావయ్య మొహంలో మొదటిసారి కాస్త నమ్మకం కనిపించింది.

గెలిచినవాడిలా ఆ ఫైలు డీటీపీ కొట్టుకి పట్టుకెళ్ళాను. అక్కడి నుంచి పేజ్‌మేకర్లోకి అతికిస్తే కార్డు నిండా ప్రశ్నార్థకాలు. వధువు ఒక ప్రశ్న, వరుడు ఒక ప్రశ్న, ముహూర్తం ఇంకో ప్రశ్న. దానికి యూనికోడ్ తెలుగు ఎక్కదు. ఆపరేటర్ నా వైపు జాలిగా చూసి, "ఇదంతా ఎందుకు సార్, ప్రింటు తీసి ఇవ్వండి. చూసి పావుగంటలో కొట్టేస్తా" అన్నాడు.

పావుగంటలో కొట్టేశాడు. నేను మధ్యాహ్నమంతా కొట్టింది అతను పావుగంటలో కొట్టాడు, అదీ పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతూ. ఈసారి ప్రూఫు అక్కడే నిలబడి చదివాను. శ్రీరస్తు ఉంది, శుభమస్తు ఉంది, మిత్రులు ఉన్నారు. కళ్ళలో ఒత్తులు వేసుకుని ఒక్కో ఒత్తూ వెతికి చూసుకుని, అయిదు వందల కార్డులకి సరే అన్నాను.

నిన్న మావయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, కార్డులొచ్చాయి. ఒత్తులన్నీ ఉన్నాయి."

"హమ్మయ్య."

"ఒకటి ఎక్కువే ఉంది. విందుకి ఒత్తు పెట్టారు. వింద్దు అని పడింది." కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పోనీలేరా, అప్పుడు పోయినవాటిలో ఒకటి తిరిగొచ్చిందనుకుందాం. అన్నట్టు, సీడీలోకి ఎక్కించి ఇస్తావా? మనవడి ఒడుగుకి పనికొస్తుంది."